ఒక గడి ఎడమకి

టీచరమ్మకి ఆ కంప్యూటరు భాష మొదటి పూటే నచ్చేసింది. లెక్కల టీచరుకి నచ్చక ఏం చేస్తుంది? మామూలు ప్రోగ్రాముల్లో x ఈజ్ ఈక్వల్ టు x ప్లస్ ఒకటి అని రాస్తారు. బడిలో కంప్యూటరు పాఠం కూడా తన నెత్తినే రుద్దిన రోజుల్లో, బోర్డు మీద ఆ ముక్క రాయాల్సి వచ్చినప్పుడల్లా ఆవిడకి ఒళ్ళు మండిపోయేది. x, x ప్లస్ ఒకటీ ఎలా సమానమవుతాయి, మీ మొహం! ఈ ఫంక్షనల్ భాషలో ఆ వేషాలు సాగవు. ఒక పేరుకి ఒక విలువ ఇచ్చామంటే ఇచ్చినట్టే. మారదు, జారదు. కావాలంటే ఇంకో పేరు పెట్టుకుని ఇంకోటి తయారు చేసుకోవాల్సిందే.

ఉద్యోగం కోసం కంపెనీ వాళ్ళు పెట్టిన పరీక్ష చూడ్డానికి చిన్నదే. ఆ భాషలో ఒక ఆట రాసి తీసుకురావాలి. ఒక గోడౌను, అందులో కొన్ని పెట్టెలు, ఒక మనిషి. మనిషి పెట్టెల్ని తోసుకుంటూ వాటి వాటి చోట్లకి చేర్చాలి. తోయడమే తప్ప లాగడం లేదు. మూలకి తోశాడా, ఆ పెట్టె పని అయిపోయినట్టే. గోడౌను పటం వాళ్ళే మెయిల్లో పంపారు. పటమంటే బొమ్మ కాదు, ఉత్త అక్షరాలు. హాష్ గుర్తులు వరసగా పేరిస్తే గోడ, డాలరు గుర్తంటే పెట్టె, చుక్క అంటే పెట్టె చేరాల్సిన గడి, స్పేస్ ఉంటే నడిచే నేల. వారం తిరిగేలోగా ఆట రాసి, ఆఫీసుకి వచ్చి, వాళ్ళ ముందు నడిపించి చూపించాలి.

భోజనాల బల్ల మీద ఒక పక్కన కూరగాయల బుట్ట, ఇంకో పక్కన మేనకోడలు అరువిచ్చిన లాప్‌టాప్. బడి వాళ్ళు సెక్షన్లు తగ్గించి ఆవిణ్ణి ఇంటికి పంపిన దగ్గర్నుంచీ ఆ బల్లే ఆవిడ ఆఫీసు. అయితే ఆఫీసులో ఉన్నవాళ్ళని ఎవరూ పిలవరు, ఇంట్లో ఉన్నవాళ్ళని అందరూ పిలుస్తారు. పై వాటా ఆవిడ తలుపు కొట్టి, "ఊరికే ఉన్నారుగా, మా పార్సిలొస్తే కాస్త తీసుకోండి" అంటుంది. ఫ్రిజ్‌లు బాగుచేసే మొగుడు వర్క్‌షాపు నుంచి ఫోన్ చేసి, "ఊరికే ఉన్నావుగా, ఫలానా పార్టు నంబరు చూసి చెప్పు" అంటాడు. ఊరికే అట! ఇరవయ్యేళ్ళు సుద్దముక్క పట్టుకుని నిలబడ్డ మనిషికి ఆ మాట ఎక్కడ గుచ్చుకుంటుందో వీళ్ళకెవరు చెప్పాలి? ఆవిడకి కావాల్సింది జీతమొక్కటే కాదు. పొద్దున్నే తాళం వేసుకుని వెళ్ళి కూర్చోడానికి తన పేరు మీద ఒక కుర్చీ. ఈ వయసులో ఇంకో బడి పిలవదు. ఈ కంపెనీ కూడా మేనకోడలు అక్కడ పనిచేస్తోంది కాబట్టి, లెక్కలొచ్చిన వాళ్ళకి ఈ భాష తొందరగా పట్టుబడుతుందని అది నాలుగు చోట్ల చెప్పింది కాబట్టి పిలిచింది. ఇది పోతే ఇంకోటి లేదు.

రాయడం మొదలుపెట్టాక ఆవిడకి ఆకలి కూడా తెలియలేదు. ఆ భాషలో పెట్టెని నిజానికి ఎవరూ జరపరు. ఇప్పుడున్న గోడౌనుని ఒక ఫంక్షన్‌కి ఇచ్చి, ఎటు తోస్తున్నామో చెబితే, అది ఇంకో కొత్త గోడౌనుని చేతిలో పెడుతుంది. అందులో పెట్టె ఒక గడి అవతల ఉంటుంది, అంతే. పాత గోడౌను ఎక్కడిదక్కడే, చెక్కుచెదరకుండా ఉంటుంది. తప్పు ఎత్తు వేశామనుకుంటే పాతదాన్ని మళ్ళీ చేతిలోకి తీసుకోవడమే. ఆవిడ ఒక్కో ఫంక్షనూ నోట్లో చదువుకుంటూ రాసింది. అనవసరమైన పదముంటే కొట్టేసింది. ఎక్కడైనా రెండు చోట్ల ఒకే పని జరుగుతుంటే, పరీక్ష హాల్లో కాపీ దొంగని పట్టుకున్నంత ఆనందంగా పట్టుకుని ఒకటి చేసింది. అంతా అయ్యేసరికి ప్రోగ్రాము ఒక్క తెరలో పట్టేంత ఉంది.

మొగుడు భోజనానికి వచ్చి వెనక నిలబడి చూశాడు.

"లాగడం కుదరదా ఇందులో?"

"కుదరదు. తోయడమే."

"అయితే ఎవరో మెకానిక్కు రాసిందే ఇది. ఎంత బరువైనా తోస్తాం గానీ లాగితే నడుం పోతుంది" అని మీటలు నొక్కి, రెండు పెట్టెల్ని తోసి, మూడోదాన్ని మూల ఇరికించి, "ఇదుగో, చంపేశాను" అన్నాడు.

"మీ చేతిలో పడ్డది ఏది బతికింది గనక" అని ఆవిడ నవ్వి, పాత గోడౌనుని మళ్ళీ తెర మీదికి తెచ్చింది.

ఆట నడుస్తోంది. పెట్టెలు కదులుతున్నాయి, గోడలు ఆపుతున్నాయి. ఇంకొకరైతే అక్కడితో లాప్‌టాప్ మూసేసేవారు. కానీ లెక్క చేశాక సరిచూడకుండా వదిలితే ఆవిడకి ముద్ద దిగదు. కంపెనీ పంపిన పటాన్ని చివరిదాకా ఆడి చూద్దామని కూర్చుంది. ఆడింది. ఒక్క పెట్టె మిగిలిపోయింది. మళ్ళీ ఆడింది, మళ్ళీ అదే పెట్టె. దాన్ని కింది గదిలోకి దించాలంటే మధ్య గోడలో ఉన్న సందులోంచి తిన్నగా తోయాలి. సందేమో పెట్టెకి సరిగ్గా కింద లేదు, ఒక గడి ఎడమకి ఉంది. పెట్టెని ఎడమకి జరుపుకుందామంటే మనిషి దాని కుడి పక్కన నిలబడాలి. అక్కడ స్తంభం.

మొదట తన ప్రోగ్రామునే అనుమానించింది. టీచర్ల బుద్ధి అంతే, జవాబు రాకపోతే ముందు తమ మెట్లే సరిచూసుకుంటారు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. అప్పుడింకో పని చేసింది. పాత గోడౌన్లన్నీ ఎలాగూ చెక్కుచెదరకుండా ఉంటాయి గనక, సాధ్యమైన ప్రతి ఎత్తూ వేసుకుంటూ పొమ్మని, గెలుపున్న దారి ఒక్కటి దొరికినా చెప్పమని ఇంకో చిన్న ఫంక్షన్ రాసి వదిలింది. బట్టలు నానబెట్టుకుని, ఉతుక్కుని, ఆరేసుకుని వచ్చేసరికి తెర మీద జవాబుంది. దారి లేదు.

ఈ పటం ఎవడూ గెలవలేడు. తాను కాదు, ఎవడూ.

ఆవిడ కొంగుతో చేతులు తుడుచుకుంటూ పటంలోని ఒక్కో వరసా వేలు పెట్టి లెక్కపెట్టింది. అన్ని వరసలూ ఒకే పొడుగు. మధ్య గోడ ఉన్న వరసొక్కటే ఒక అక్షరం పొట్టి. ఆ వరసే స్పేస్‌తో మొదలవ్వాల్సింది. మిగతావన్నీ హాష్ గుర్తుతో మొదలవుతాయి. ఎవరో పటాన్ని మెయిల్లో అతికించినప్పుడు ఆ మొదటి స్పేస్‌ని మెయిలు మింగేసింది. దాంతో వరస మొత్తం ఒక గడి ఎడమకి జరిగి, గోడతో పాటు సందూ జరిగింది. మెయిల్లో అక్షరాలు ఒక్కోటీ ఒక్కో వెడల్పు కాబట్టి చూసేవాళ్ళ కంటికి ఆ వంకర ఆనలేదు. ఆవిడ ఆ వరస ముందు ఒక్క స్పేస్ కొట్టి మళ్ళీ నడిపించింది. కుర్చీ వెనక్కి జరిపేలోపే దారి దొరికింది. ఎవరూ లేని ఇంట్లో ఆవిడ చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది.

సాయంత్రం ఆఫీసు నుంచి వెళ్తూ వెళ్తూ మేనకోడలు వచ్చింది. అన్నయ్య కూతురు. బడిలో ఆవిడ దగ్గరే లెక్కలు నేర్చుకున్న పిల్ల. ఉద్యోగంలో చేరి ఆరు నెలలు కావొస్తోంది. ఈ నెలాఖరుకి ఖాయం చేస్తారో లేదో తేలుతుంది. అందుకని ఈ మధ్య మొహం ఎప్పుడూ పరీక్ష రాయబోయే పిల్లలాగే పెట్టుకుంటోంది. వస్తూనే చెప్పులు విడిచి, ప్రోగ్రాము ఒక్కసారి పైనుంచి కిందికి చదివి, "అత్తా, ఎంత ముద్దుగా రాశావే! మా మేనేజరు కూడా ఇంత పొందిగ్గా రాయలేడు" అంది.

"ముద్దు సంగతి తరవాత. ఇది చూడు ముందు." టీచరమ్మ పొట్టి వరస చూపించింది.

మేనకోడలు చూడను కూడా చూడలేదు. "నీకూ కనిపించిందా? అనుకున్నాలే."

"నీకూ అంటే?"

"నేను పరీక్ష రాసినప్పుడూ ఇదే పటం అత్తా. ఒక స్పేస్ కలిపేసుకుని ఊరుకున్నా. నా ఫైల్లో పటం సరిగ్గా ఉంది, ఆట సరిగ్గా ఆడింది, అయిపోయింది. నువ్వూ అదే చెయ్యి."

"వాళ్ళకి చెప్పలేదా?"

"ఎందుకు చెప్తాను? ఆ పటం మేనేజరు స్వయంగా గీసింది. ఆయనకి అదంటే ప్రాణం. కొత్తగా వచ్చిన వాళ్ళందరికీ దాని గురించి గంట క్లాసు పీకుతాడు. ఎవరూ చివరిదాకా ఆడరు, ఆయనా ఆడడు. రెండు పెట్టెలు తోయించి చూస్తారంతే. వెళ్ళి వెళ్ళి ఆయన మొహం మీద తప్పు అంటావా?"

టీచరమ్మకి చర్రుమంది. "తప్పు కనిపించాక నోరు మూసుకుని కూర్చున్నావా? ఇదేనా నేను నేర్పింది? నీ తరవాత ఎంతమంది ఈ పటంతో తలలు బాదుకున్నారో! మాకు చేతకాలేదు అనుకుని మానేసిన వాళ్ళు లేరంటావా?"

మేనకోడలు బుట్టలోంచి ఒక బఠాణీకాయ తీసి ఒలుస్తూ కూర్చుంది. "ఉండే ఉంటారు. నాకు ఉద్యోగం కావాలి అత్తా. నాన్న సంగతి నీకు తెలుసుగా, ఇంటికి నా జీతమే దిక్కు."

"నాకూ కావాలి. అయినా చెప్తాను."

"చెప్పు. కానీ మెల్లిగా చెప్పు. ఆయన్ని చిన్నబుచ్చకు. నేనూ అదే గదిలో ఉంటాను, మొన్న మొన్న చేరినదాన్ని కదా, పక్కన కూర్చోమన్నారు" అని లేచి, గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ ఆగి, "నన్ను మాత్రం ఇందులోకి లాగకే" అంది.

"ఛ, నిన్నెందుకు లాగుతాను" అంది టీచరమ్మ. ఆ మాట అన్నప్పుడు నిజంగానే అంది.

రాత్రి భోజనాల దగ్గర మొగుడికి చెబితే ఆయన నాలిక కొరుక్కున్నాడు. "నాకు ఫ్రిజ్ ఇచ్చి బాగుచెయ్యమన్నారనుకో, బాగుచేసి ఇస్తాను. కొన్నవాణ్ణి వెధవ ఫ్రిజ్ కొన్నావంటానా?" అన్నాడు. ఆవిడ విసురుగా కంచం ముందుకి తోసింది. కానీ పడుకున్నాక ఒక సంగతి ఒప్పుకోక తప్పలేదు. చెప్పాలని ఇంత పట్టుదలగా ఉన్నది నిజం కోసమేనా? బడిలో ఆవిడ వయసు చూసి తీసేశారు. ఆ ఆఫీసులో కూర్చున్న కుర్రకారంతా చూడని తప్పు తాను చూసిందని వాళ్ళకి తెలియాలి. అదీ ఉంది. అందులో తప్పేముంది, అనుకుని అటు తిరిగి పడుకుంది.

ఆఫీసు మూడో అంతస్తులో. లోపల అద్దాల గది, గుండ్రటి బల్ల, గోడంతా తెల్లబోర్డు. మేనేజరు సన్నగా, నవ్వు మొహంతో, ఎప్పుడూ ఏదో ఒక మార్కర్ పెన్ను వేళ్ళ మధ్య తిప్పుతూ ఉంటాడు. ఆయన పక్కన మేనకోడలు, ముందు నోటు పుస్తకం, తల దించుకుని. వాళ్ళకి కాస్త దూరంగా కంపెనీ ఓనరమ్మ కూర్చుని ఫోను చూసుకుంటోంది. ఆవిడ ఎప్పుడోగానీ ఈ గదికి రాదట. ఇవాళ వచ్చింది.

టీచరమ్మ ఆట నడిపించింది. మేనేజరు ఒక్కో ఫంక్షనూ చదివి, "బావుంది, చాలా బావుంది" అన్నాడు. అది పైపై మాట కాదు. మధ్యలో ఒకచోట పెన్ను తిప్పడం ఆపేసి రెండోసారి చదివాడు కూడా. పెట్టెలు తోయించాడు. వెనక్కి వెళ్ళమన్నాడు, వెళ్ళింది. టీచరమ్మకి గుండె కుదుటపడింది. అక్కడితో లేచి వచ్చేస్తే ఈ కథే లేదు.

"ఒక్క విషయమండీ" అంది ఆవిడ. "మీరు పంపిన పటానికి జవాబు లేదు."

మేనేజరు నవ్వాడు. "ప్రయత్నించారా? కొంచెం కష్టమే. నేను గీసినప్పుడు నాకే రెండ్రోజులు పట్టింది."

"కష్టం కాదండీ, లేదు. ప్రతి ఎత్తూ వేసి చూసే ప్రోగ్రాము రాశాను. చూడండి." తెర మీద పెట్టింది. "ఈ వరస ఒక అక్షరం పొట్టిగా ఉంది. మెయిల్లో..."

ఓనరమ్మ ఫోను బల్ల మీద పెట్టింది. "ఏంటీ? ఇన్నాళ్ళూ జవాబు లేని పరీక్ష పెడుతున్నామా మనం?" అంది మేనేజరు వైపు తిరిగి. గొంతు పెద్దగా లేదు. కానీ ఆ గదిలో ఇంక ఎవరి గొంతూ లేకపోయేసరికి పెద్దగానే వినిపించింది.

మేనేజరు మొహంలో రంగు మారడం టీచరమ్మ చూసింది. ఆవిడ వేలమంది పిల్లల మొహాలు చూసింది. కాపీ కొడుతూ దొరికినవాడి మొహం ఒక్క క్షణం ఎలా ఉంటుందో, ఆ తరవాతి క్షణానికి కథ ఎలా అల్లుకుంటాడో ఆవిడకి కొట్టిన పిండి. సరిగ్గా అదే జరిగింది. ఆయన మెల్లిగా చప్పట్లు కొట్టాడు.

"అదేనండీ! అదే నేను ఎదురుచూస్తున్నది. ఆట ఎవరైనా రాస్తారు. ఇచ్చిందాంట్లో తప్పుంటే చూస్తారా, చూసి చెప్పే ధైర్యముందా, అసలు పరీక్ష అది. కావాలనే అలా పెట్టాను" అన్నాడు. ఓనరమ్మకేసి తిరిగి, "ఇన్నాళ్ళలో పట్టుకున్నది ఈవిడొక్కరే" అన్నాడు.

ఓనరమ్మ మొహం విప్పారింది. "ఓహో. బావుందే ఈ ఆలోచన" అని టీచరమ్మని మొదటిసారి తేరిపార చూసింది. తరవాత చూపు మేనకోడలి మీద పడింది. "నువ్వు కూడా ఇదే రాశావా అమ్మా?"

"రాశానండీ."

"మరి నీకు కనిపించలేదా?"

మేనకోడలు మేనేజరు వైపు చూసింది. ఆయన మార్కర్ మూత బిగిస్తున్నాడు. "కనిపించిందండీ" అంది. "ఒక స్పేస్ పోయింది. కలిపేసుకుని నడిపించాను."

"కనిపిస్తే చెప్పలేదే? ఇప్పుడు ఈవిడ చెప్పాక నీకూ కనిపించిందా?" అన్నాడు మేనేజరు. నవ్వుతూనే అన్నాడు. పాపం, ఆయనకి అంతకంటే దారి లేదు. తన కథ నిలబడాలంటే ఇంకొకరు పడాలి.

పిల్ల మొహం ఎర్రగా కందిపోయింది. "నిజమండీ. మొన్న సాయంత్రం అత్తకి కూడా చెప్పాను. అడగండి."

ముగ్గురూ టీచరమ్మ వైపు తిరిగారు.

"అంటే ముందే ఉప్పందిందా మీకు?" అంది ఓనరమ్మ. "ఈ పిల్ల చెబితే తెలిసిందా ఇది?"

టీచరమ్మ నోరు తెరిచింది. చెప్పాల్సింది ఆవిడకి తెలుసు. ముందు నేనే కనిపెట్టాను, సాయంత్రం అది వచ్చినప్పుడు తనకీ అప్పుడే తెలుసని చెప్పింది, ఆ పిల్ల అబద్ధమాడటం లేదు. ఇంతే. కానీ అది చెబితే సగం విని ఆగిపోతారు. అత్తా మేనకోడలూ కూడబలుక్కున్నారంటారు. కుర్చీ పోతుంది. ఓనరమ్మ అప్పటికే ఫోను మళ్ళీ చేతిలోకి తీసుకుంటోంది.

"నేను స్వయంగా కనిపెట్టానండీ" అంది టీచరమ్మ.

అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. మేనేజరు తలాడించాడు. ఓనరమ్మ కూడా. మేనకోడలు ఇంకేదో అనబోయి, అత్త మొహంలోకి చూసి, నోటు పుస్తకం మూసేసింది.

మేనకోడలు మెట్ల మీద కలిసింది. లిఫ్టులో రావడానికి ఇద్దరికీ ధైర్యం లేకపోయింది కాబోలు. టీచరమ్మ ముందు, పిల్ల వెనక. రెండో అంతస్తు మలుపులో టీచరమ్మ ఆగి, "నేను ఆయనతో విడిగా మాట్లాడతానే. నువ్వు గాభరా పడకు" అంది.

"ఏం మాట్లాడతావు?"

"జరిగింది చెప్తాను."

"జరుగుతున్నప్పుడు చెప్పాల్సింది అత్తా. అవును అంటే సరిపోయేది. ఒక్క ముక్క." పిల్ల ఏడవలేదు. ఏడ్చి ఉంటే దగ్గరికి తీసుకుని ఏదో ఒకటి చెప్పుకునేది ఆవిడ. "ఆయన అబద్ధమాడుతున్నాడని నీకు తెలుసు. నా మీద అంత ఎగిరావు, తప్పు చూసి నోరు మూసుకున్నానని. నేను మూసుకుంటే ఎవరి కడుపూ కొట్టలేదు."

"నేను అబద్ధం చెప్పలేదే."

"లేదు. అబద్ధమైనా బావుండేది" అని పిల్ల ఆవిణ్ణి దాటుకుని దిగిపోయింది.

టీచరమ్మ మేనేజరుతో విడిగా మాట్లాడాలనే అనుకుంది. మర్నాడు మాట్లాడాలనుకుంది. మర్నాడు పొద్దున్నే ఆయనే ఫోన్ చేసి, వచ్చే సోమవారం నుంచి రమ్మన్నాడు. ఆ మాట చెవిన పడగానే ఆవిడ బల్ల పట్టుకుని కూర్చుంది. సంతోషం. సిగ్గులేని సంతోషం. "చాలా సంతోషమండీ" అంటున్న తన గొంతు తనకే వినపడింది. ఆ గొంతుతో ఇంకో మాట కలపడం ఎలాగో తోచలేదు. "మీ మేనకోడలి సంగతి మీరేమీ అనుకోకండి, ఆ అమ్మాయికి ఇంకా కొంచెం వయసు రావాలి" అని ఆయనే అన్నాడు. "అలాగేనండీ" అంది.

రెండ్రోజులకి అన్నయ్య ఫోన్ చేశాడు. తెర మీద పేరు కనిపిస్తున్నా ఎత్తలేదు. మోగి మోగి ఆగింది. మొగుడు గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. అంతా విన్నాడు ఆయన, అంతా ఆవిడే చెప్పింది, ఏమీ దాచకుండా.

"నువ్వు చెప్పింది నిజమేగా" అన్నాడు. ఓదార్చాలనే అన్నాడు.

"ఆ మాట ఇంకెప్పుడూ అనకండి నాతో" అంది ఆవిడ. ఆయన వర్క్‌షాపుకి వెళ్ళిపోయాడు.

సోమవారం ఆవిడకి కిటికీ పక్క కుర్చీ ఇచ్చారు, మేనకోడలు ఖాళీ చేసిపోయినది. కుర్చీ ఎత్తు చాలా తక్కువగా పెట్టి ఉంది. పొట్టిది ఆ పిల్ల, కాళ్ళు ఆనాలని అలా పెట్టుకుని ఉంటుంది. సొరుగులో తలకి పెట్టుకునే రబ్బరు బ్యాండొకటి ఉంది. టీచరమ్మ మీట నొక్కి కుర్చీ పైకెత్తుకుని, రబ్బరు బ్యాండుని ఏం చెయ్యాలో తెలియక, మళ్ళీ సొరుగులోనే వదిలేసింది.

మేనేజరు చాలా మర్యాదగా వచ్చి మొదటి పని అప్పజెప్పాడు. అప్లికేషను పెట్టుకున్న వాళ్ళకి పరీక్ష పంపడం, వాళ్ళొచ్చినప్పుడు ఆయన పక్కన కూర్చోవడం. "ఇంతకుముందు మన మెయిలు ఆ స్పేస్‌ని దానంతటదే తీసేసేది" అన్నాడు. ఆ ముక్క నోరు జారి అన్నాడు. అన్నాక ఒక్కసారి ఆగి, ఆవిడ మొహం చూసి, ఫరవాలేదని ఆయనే తేల్చుకుని మాట పూర్తి చేశాడు. "ఇప్పుడు కొత్త మెయిలు వచ్చింది, అది తియ్యడం లేదు. కాబట్టి మీరే తీసేసి పంపండి. ఎవరైనా ఫోన్ చేసి అడిగితే సరిగ్గానే ఉందని చెప్పండి. నిలబడతారో లేదో చూద్దాం. మేడంగారికి ఈ పద్ధతి బాగా నచ్చింది."

ఆవిడకి చెప్పాలనిపించింది. మీరు కావాలని పెట్టలేదని నాకు తెలుసు, నాకు తెలుసని మీకూ తెలుసు, అని. ఆయన నిలబడే ఉన్నాడు, తొందరేమీ లేనట్టు, అనమన్నట్టు. "సరేనండీ" అంది.

పటం తెరిచింది. తెర మీద గోడౌను చక్కగా, నిటారుగా ఉంది. సందు పెట్టెకి సరిగ్గా కింద ఉంది. మధ్య వరస మొదట్లో కర్సరు పెట్టి డిలీట్ మీట ఒక్కసారి నొక్కింది. వరస ఒక గడి ఎడమకి జరిగింది. పంపేసింది. ఇంకొకరికి. ఇంకొకరికి. ప్రతిసారీ కొత్త పటం తెరిచి, చేత్తో పాడుచేసి పంపడమే.

వారం మధ్యలో, భోజనాల వేళ దాటాక ఫోను మోగింది. మగ గొంతు, అంత కుర్రగొంతేమీ కాదు. వెనక ఎవరో పసిపిల్ల ఆగకుండా ఏడుస్తోంది. ఆయన దాన్ని సముదాయిస్తూనే మాట్లాడుతున్నాడు.

"మీకు ఇబ్బంది కలిగిస్తున్నానేమోనండీ. చాలాకాలం తరవాత మళ్ళీ ఉద్యోగానికి ప్రయత్నిస్తున్నాను. ఆట రాశాను, నడుస్తోంది. కానీ ఆ పటంలో మధ్య వరస ఒక అక్షరం తక్కువ ఉన్నట్టుందండీ. పంపడంలో పోయిందేమో... ఒక స్పేస్ కలిపితే సరిపోతోంది. పటం సరిగ్గానే ఉందాండీ?"

అద్దం అవతల మేనేజరు ఎవరితోనో మాట్లాడుతున్నాడు. ఇటు చూడను కూడా చూడటం లేదు. ఇటు చూసేవాళ్ళు ఎవరూ లేరు. ఈసారి ఆవిడ అవును, తక్కువుంది అన్నా వినేది ఆ ఒక్క మనిషే.

"సరిగ్గానే ఉందండీ" అంది టీచరమ్మ.



"అయితే నాదే పొరపాటండీ. ఈ గోలలో సరిగ్గా లెక్కపెట్టలేదు. ఏమీ అనుకోకండి" అన్నాడాయన. నిజంగానే నొచ్చుకుంటూ అన్నాడు.

"ఫరవాలేదండీ" అని ఆవిడ ఫోను పెట్టేసి, జాబితాలో తరవాతి మనిషికి పంపడానికి పటం తెరిచింది.